గౌరి అసలు ఫోటో

మంగళవారం, రాత్రి

ఈరోజు మాడుగుల నుంచి లక్ష్మి స్టూడియోకి వచ్చింది. మూడేళ్ల క్రితం ఆమె పెళ్లి ఆల్బం చేసింది నేనే. పోయిన నెల జ్వరంతో చనిపోయిన చెల్లెలు గౌరి ఫోటో గోడకు పెట్టుకునేంత పెద్దది కావాలంది. గౌరి నవ్విన ఫోటో ఆ ఆల్బంలోనే ఒక్కటుంది.

ఫొటోషాప్‌లో ఆ పేజీ తెరిచాను. అప్పుడు దాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా ఉంచి ఉంటే, పేజీలో ఎంత చిన్నగా కనిపించినా లోపల అసలు ఫోటో అలాగే ఉండేది. సిస్టం స్లో అవుతోందని మామూలు లేయర్‌గా మార్చి, బొటనవేలంత చేసి సేవ్ చేసేశాను. కెమెరా కార్డు ఎప్పుడో చెరిపేశాను.

పెద్దది చేస్తే కళ్లు గళ్లుగళ్లుగా విడిపోయాయి. లేని వివరాలు ఊహించి నింపే సాఫ్ట్‌వేర్‌తో బాగుచేయించి చూపించాను.

"ఇది మా గౌరి కాదన్నయ్యా, ఎవలో పిల్ల. అసలుది ఏటి సేసేవు?" అంది లక్ష్మి.

"లేదమ్మా. నేనే పాడుచేసేను."

ఆమె తిట్టలేదు. "పోనీ, ఆ సిన్నదే ఇచ్చీ అన్నయ్యా," అంది. ఇచ్చాను.

ఆమె వెళ్లాక మిగతా ఆల్బంలు ఒక్కొక్కటీ తెరిచాను. అన్నింట్లోనూ అప్పట్లో అదే పని చేసి ఉంచాను. ఇక ఏ ఇంటి నుంచి ఎవరు వస్తారో...