వెంకట్రామయ్య పడవ పోలిక

కాకినాడ, ఆషాఢం, శనివారం రాత్రి

మద్రాసు పత్రిక తెప్పించేది నేను. కోర్టు వరండాలో అందరికీ చదివి వినిపించేదీ నేనే. ఇంగ్లండులో పార్లమెంటు ఎన్నికలు ఎప్పుడు జరగాలో ఎవరు నిర్ణయిస్తారని ఇవాళ నా పాత కక్షిదారు అడిగితే, రాణిగారి అధికారాలు మొదలుకొని గంటసేపు చెప్పాను. సగంమంది ఆవులించారు.

అప్పుడు వెంకట్రామయ్య, నిన్నగాక మొన్న ప్లీడరైనవాడు, నవ్వుతూ అందుకున్నాడు.

"మన పడవ లాంటిదేనండి. చీకటి పడేలోగా కదలాలన్నది కట్టుబాటు. ఏ వేళకి కదలాలన్నది సరంగు ఇష్టం. గాలి అనుకూలించాక తెరచాప ఎత్తుతాడు. అక్కడ గడువు ఏడేళ్లండి. ఈలోగా తన పక్షానికి గాలి బాగున్నప్పుడు ప్రధానమంత్రి రాణిగారిని అడిగి సభ రద్దు చేయిస్తాడు. ఎన్నికలొస్తాయి."

వరండా అంతా ఆహా అంది. నా కక్షిదారు అందరికంటే గట్టిగా అన్నాడు. ఈసారి వకాల్తా కూడా అతనికే ఇస్తాడేమో! ఒళ్లు మండిపోయింది.

భోజనం దగ్గర మా ఆవిడ, "కోర్టులో ఏంటండీ విశేషాలు?" అంది. ఎన్నికల సంగతి ఎత్తాను. నోటికి ఆ పడవే వచ్చింది.

"ఎంత బాగా చెప్పారండీ! ఇలా చెప్పడం మీకు తప్ప ఇంకెవరికొస్తుంది?" అంది.

మజ్జిగ పోయించుకోకుండానే లేచి చేయి కడుక్కున్నాను.