నోటికి తాళం

సెప్టెంబరు 2, సోమవారం

రిపోర్టు పూర్తయింది! పెద్ద క్లాసుల పిల్లలకు స్నేహాలు, ప్రేమలు, ఒంట్లో మార్పుల గురించి స్కూళ్ళలో పాఠాలు చెప్తారు కదా, వాటిలో ఏది పనిచేస్తుంది, ఏది దండగ అని తేల్చడం నా ఉద్యోగం. ఏడాదంతా వెనక బెంచీల మీద కూర్చుని తేల్చేశాను.

పనిచేసేవి: భయపెట్టకపోవడం. ఒకేసారి కుమ్మరించకుండా కొంచెం కొంచెం చెప్పడం. నిజంగా ఎదురయ్యే సంగతులు పిల్లల చేత నటింపజేయడం. అన్నిటికన్నా ముందు, వినడం.

పనిచేయనిది: ఉపన్యాసం. టీచరు ఆపకుండా ఐదు నిమిషాలు మాట్లాడితే కాగితం మీద ఒక ఎర్ర గీత పెడతాను. ఒకాయనకు తొమ్మిది పడ్డాయి. పాపం, పీరియడే నలభై ఐదు నిమిషాలు.

"మీ అబ్బాయి అదృష్టవంతుడండీ" అన్నారు డైరెక్టరుగారు.

ఆ అదృష్టవంతుడు తొమ్మిదో తరగతి. మొన్నటి సెలవుల దాకా క్లాసులో ఎవరు తుమ్మినా వచ్చి నాకు చెప్పేవాడు. ఇప్పుడు మూడే మాటలు: "ఊఁ", "ఏమో", "ఏం లేదు". ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత అంటే ఇదే. నవ్వుతూ రాస్తున్నాను గానీ, బాధగానే ఉంది.

తీర్మానం: ఈ నెలంతా వాడికి ఉపన్యాసం ఇవ్వను. అడుగుతాను, వింటాను. అంతే! ఫ్రిజ్ మీద తెల్ల కాగితం అతికించాను. నా గీతలు నేనే పెట్టుకుంటానని ఇంట్లో అందరికీ చెప్పాను.

3, మంగళవారం

"స్కూల్ ఎలా ఉందిరా?"

"ఊఁ."

నేను మౌనం. వాడు మౌనం. బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

గీతలు: సున్నా!! రిపోర్టుల్లో దీన్ని "ప్రోత్సాహకరం" అంటాం.

5, గురువారం

రాత్రి భోజనాల దగ్గర నటన. మావారిని పిలిచి నా స్కార్ఫు కప్పాను. స్నేహం వద్దని చెప్పే అమ్మాయి వేషం ఆయనది, అడిగే అబ్బాయి మావాడు.

"నాకు డైలాగులేమీ లేవా?"

"'వద్దు' అనాలి. అంతే."

"ఈ ఇంట్లో నాకా మాట అలవాటు లేదే" అన్నారు.

మావాడు ప్లేటు పట్టుకుని వాళ్ళ నానమ్మ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అత్తగారికి చెవుడు. వినికిడి మిషను పెట్టుకుంటే లోకమంతా గోల అని దాన్ని సొరుగులో పడేస్తారు. అక్కడికెళ్ళి వీడు ఏం చేస్తాడో!

7, శనివారం

కొలవనిదే ఏదీ తెలియదు. అందుకని వాడికి చిన్న ప్రశ్న వేశాను: అమ్మతో మాట్లాడటం ఎంత హాయిగా ఉంది? ఒకటి నుంచి ఐదు లోపు చెప్పు.

"సున్నా ఉందా?"

"లేదు నాన్నా, ఒకటి నుంచే."

"మరి అడగడమెందుకు?"

పర్వాలేదు. మొదట్లో అంకెలు ఎప్పుడూ తక్కువే ఉంటాయి.

10, మంగళవారం

వాడే వచ్చాడు! సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, అందరూ ఒకళ్ళని వెక్కిరిస్తుంటే... మనం ఏమీ అనకుండా ఊరికే నవ్వితే, అదీ తప్పేనా?"

ఇంత మంచి ప్రశ్న నా పద్నాలుగు స్కూళ్ళలో ఒక్కళ్ళూ అడగలేదు. నేనేం చేయాలి? నోరు మూసుకోవాలి.

నేనేం చేశాను? "ఎవరిని? అమ్మాయినా? ఫోన్లోనా? ఏదీ, నీ ఫోను ఇలా ఇవ్వు!" ఆ తర్వాత మొదలుపెట్టాను. గౌరవం. హద్దులు. చట్టం. ఈ వయసులో మెదడు ఎదిగే తీరు. నా రిపోర్టు నాలుగో అధ్యాయం, పట్టికలతో సహా. ఊపిరి కోసం ఆగి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. చాలాసేపటి నుంచి దుప్పటికి చెప్తున్నాను.

గీతలు: ఏడు.

11, బుధవారం

అది ఉపన్యాసం కాదు, సమాచారం. అయినా అడిగింది వాడు. పైగా దుప్పటికి చెప్పినవి వాడికి చెప్పినట్టు ఎలా లెక్కేస్తాం? తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నా వాదన.

ఫ్రిజ్ మీది కాగితం చించేశాను. మావారు అడిగితే గాలికి ఊడిందన్నాను. కిటికీలు మూసిన వంటింట్లో గాలి!

13, శుక్రవారం

అత్తగారికి టీ తీసుకెళ్తుంటే గదిలోంచి మావాడి అరుపులు. చెవుడున్న మనిషికి గుట్టు చెప్పాలంటే మరి అరవాలి కదా.

"నానమ్మా! మా క్లాసమ్మాయి ఫొటో గ్రూపులో పెట్టి వెక్కిరించారు! నేనూ నవ్వు బొమ్మ పెట్టాను!"

"ఏంటీ?"

"నేనూ నవ్వాను!"

"ఆఁ?"

మూడోసారికి గొంతు తగ్గింది. "నేనూ నవ్వాను నానమ్మా. తను నా ఫ్రెండు. ఇప్పుడు నాతో మాట్లాడట్లేదు."

తర్వాత వాడే అన్నాడు: "సారీ చెప్తా. మెసేజ్ కాదు, ఎదురుగా."

"ఏంటీ?"

"ఎదురుగా చెప్తా!"

టీ చల్లారిపోయింది. నాకు కుళ్ళూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి.

తర్వాత అత్తగారి చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను, మీరేం చెప్పారని.

"నేనేం చెప్పానమ్మాయ్? నాకు సగమే వినపడింది. మిగతా సగం వాడే మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నాడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మా ఇంట్లో శంఖాన్ని నేను.

15, ఆదివారం

మంచం మీద తడి తువ్వాలు. మొదలుపెట్టాను. తువ్వాలు నుంచి బాధ్యత, బాధ్యత నుంచి భవిష్యత్తు. గీతలు లెక్కపెట్టలేదు. ఎర్ర పెన్ను కూడా కనపడటం లేదు. తీర్మానం చచ్చిపోయింది. ఆరంభ శూరులకు మా ఇంటి చిరునామా ఇవ్వండి.

16, సోమవారం

సాయంత్రం. భుజాన సంచీ దించకుండానే వంటింట్లోకి వచ్చాడు.

"చెప్పాను."

ఎవరికి? ఏమంది? ఏడ్చిందా? అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. పళ్ళు బిగించాను.

"ఏమన్నావురా?"

"ఆ అమ్మాయికి సారీ చెప్పానమ్మా."

"ఏంటీ?"

వాడు నా మొహంలోకి చూశాడు. "నీకూ చెవుడొచ్చిందా?"

"కొంచెం."

నవ్వు ఆపుకుంటూ కుర్చీ లాక్కుని, మొదటి నుంచీ చెప్పాడు. ఫొటో, నవ్వు బొమ్మ, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఇవాళ ఆ అమ్మాయి "సరే" అని వెళ్ళిపోయిందట. అంతే.

"ఇంక ఎప్పటికీ మాట్లాడకపోతే?" అని అడిగాడు.

"నాకు తెలీదురా" అన్నాను. నిజంగానే తెలియదు. వాడు తల ఊపి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను! "చూశావా, అందుకే గౌరవం అంటే ముందుగా..."

వాడు లేచాడు. సంచీలోంచి నా ఎర్ర పెన్ను తీశాడు. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఫ్రిజ్ మీద అతికించి, ఒక గీత పెట్టాడు.

"ఐదు నిమిషాలు కాలేదు కదరా!"

"మొదలైతే ఆగదని తెలుసు" అన్నాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటూ.

తీర్మానం: ఉపన్యాసం ఇవ్వను. రేపటి నుంచి. పెన్ను వాడి దగ్గరే ఉంటుంది.