ఆరేసిన బట్టలు తీసిన దయ్యం: హక్కుల పంపకం

యావన్మందికీ చాటింపు వేసి తెలియజేయడమేమనగా: వంటగదిలో పచ్చ డబ్బా మూత నేను పోగొట్టలేదు. ఆ డబ్బాలో సినిమా కోసం బీట్‌రూట్ రక్తం కలిపింది నేనే. ఇంట్లో టవళ్లన్నిటికీ గులాబీ రంగు అంటించిందీ నేనే. మూత మాత్రం నేను కాదు. ఈ ఒక్క నింద నెత్తిన పెట్టుకుని పోవడం నాకు ఇష్టం లేదు.

ఇక అసలు సంగతి. మిక్సీలు బాగుచేసుకుని బతుకుతూ, ఆదివారాలు దయ్యం సినిమాలు తీస్తూ, పదో తరగతి దాకా చదివి పరీక్ష గుమ్మం దగ్గర ఆగిపోయిన నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా (లేదని బావ అంటాడు, ఆయన్ని ఎవరూ అడగలేదు), ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. డాక్టరు నా ఎక్స్‌రే లైటుకు పట్టి చూసి, ఈ వానాకాలం దాటడం కష్టమని తేల్చేశాడు కాబట్టి తొందరపడుతున్నాను. నేను పక్క గదిలో పడుకుని ఉండగా అన్నయ్య దీన్ని హాల్లో అందరికీ చదివి వినిపించాలి. ఇబ్బందిగా ఉన్నచోట దగ్గి దాటేయకూడదు.

1. మా మేకప్ మాస్టర్‌కు, అనగా వీధి చివర సెలూన్ నడిపేవాడికి, నా విగ్గులన్నీ సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. అవన్నీ వాడి షాపు నేల మీంచి ఊడ్చి తెచ్చిన జుట్టుతో చేసినవే. కాబట్టి ఇది ఇవ్వడం కాదు, తిరిగి అప్పగించడం.

2. మా అక్క మొగుడికి, అనగా బావకు, రబ్బరు చెయ్యి ఇస్తున్నాను. మణికట్టు దగ్గర తెగినది, చిటికెన వేలు లేనిది. దాన్ని ఆయన ఆఫీసు సొరుగులో పెట్టుకోవాలి. మూసేటప్పుడు వేళ్లు కాస్త బయటికి కనబడాలి. నా ప్రతి సినిమా చూసి ఆయన చెప్పేది ఒకటే మాట. భయమైతే భయం, కామెడీ అయితే కామెడీ, రెండూ కలిపితే కూరా కాదు చారూ కాదట. నేనెన్నిసార్లు జవాబు చెప్పినా ఆ బుర్రకు ఎక్కలేదు. రాసిపెడితేనైనా ఎక్కుతుందేమో చూద్దాం. పెద్ద సినిమా దయ్యం కంప్యూటర్లో పుడుతుంది బావా. అది మనింటికి రాదని జనానికి తెలుసు. మన దయ్యం కర్టెన్ గుడ్డ గౌను వేసుకుంటుంది, గౌనుకు కర్టెన్ రింగులు ఇంకా ఉంటాయి. అలాంటి కర్టెన్ చూసేవాడింట్లోనూ ఉంటుంది. వాడు ముందు నవ్వుతాడు, ఇంటికెళ్లాక కిటికీ వైపు చూస్తాడు. ఆ చూపు కోసమే నేను ఇన్నాళ్లు మిక్సీలు విప్పి సంపాదించిందంతా తగలేసింది.

3. పెళ్లి వీడియోలు తీసుకునే మా అన్నయ్యకు ట్రైపాడ్, రెండు లైట్లు, ఈ వీలునామా అమలు చేసే బాధ్యత. కానీ ఒక షరతు. ‘ఆరేసిన బట్టలు తీసిన దయ్యం’ సినిమా మీద కత్తెర పెట్టే హక్కు ఆయనకు ఎంతమాత్రం లేదు. పెళ్లాన్ని శాంతింపజేయడానికి ఆ ఒక్క షాట్ తీసేద్దామని నా చుట్టూ తిరుగుతున్నాడు. అన్నయ్యా, ఈ ముక్క గట్టిగా చదువు.

4. ఆ షాట్ సంగతి తెలియనివారి కోసం. దయ్యం వేషం మా వదినది. మెల్లగా వరండా దాటి రావాలి, అంతే. దయ్యం పళ్లు కొరుకుతున్న చప్పుడు కోసం నేను మిక్సీ జారులో బోల్టులు వేసి తిప్పుతున్నాను. ఆ మోతలో అన్నయ్య చెప్పిన కట్ ఆవిడకు వినబడలేదు. నడుస్తూనే ఉంది. అంతలో చినుకు పడింది. దయ్యం ఆగి ఆకాశం వైపు చూసి, పెరట్లో ఆరేసిన బట్టలన్నీ తీసి భుజాన వేసుకుంది. క్లిప్పులు కోరల మధ్య పట్టుకుంది. నా పాత బనీను చూసి మొహం చిట్లించింది. అంత గొప్ప నటన నేనెక్కడా చూడలేదు. అది సినిమాలో ఉంచాను, సినిమాకు ఆ పేరే పెట్టాను.

పోస్టరు రాసినవాడు చోటు చాలలేదని ‘ఆరేసిన’ అన్న మాట ఎగరగొట్టాడు. ‘బట్టలు తీసిన దయ్యం’ అని గోడలెక్కింది. హాలు నిండింది. వచ్చినవాళ్లు దేనికొచ్చారో వేరే చెప్పాలా. తెర మీద మా వదిన తువ్వాళ్లు తీసి భుజాన వేసుకుంటుంటే హాలు గొల్లుమంది. చివరి వరసలో కూర్చుని చూస్తున్న వదిన లేచి బయటికి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక ఒక్క మాటంది: “నవ్వించాలంటే నవ్వించమని చెప్పాల్సింది మరిదీ. భయపెట్టమన్నావు, ప్రాణం పెట్టి భయపెట్టాను.”

అదే ఆఖరు. అప్పటినుంచి నేను ఎదురుగా కూర్చున్నా, “కంచం జరపమని చెప్పండి మీ తమ్ముడికి” అని అన్నయ్యతో చెప్పిస్తుంది. అన్నయ్య నాకు చెబుతాడు. నేను జరుపుతాను. కొత్త సినిమా సగంలో ఆగింది. దయ్యం లేని దయ్యం సినిమా ఎవడు చూస్తాడు?

5. కనుక మా వదినకు: ఆ సినిమా, అందులో ఆవిడ షాట్, వాటిపై సమస్త హక్కులు. ఉంచుకున్నా, కోసి పారేసినా ఎవరూ అభ్యంతరం చెప్పరాదు, నా ఆత్మతో సహా. అయితే కోసే ముందు ఆవిడ ఒక్కసారి ఆ హాల్లో తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చోవాలి. నేను కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. నవ్వేవాళ్ల చేతులు మొహాల మీదున్నాయి, వేళ్ల సందుల్లోంచి చూస్తున్నారు. ఆట అయ్యాక టిక్కెట్లు చింపే ముసలాయన నన్ను గేటు దగ్గర ఆపాడు. “మా ఆవిడ పోయిందండీ. వానొస్తే ఇప్పటికీ తనే వచ్చి బట్టలు తీస్తుందేమోనని చూస్తుంటా,” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఈ సంగతి వదినకు చెప్పమని అన్నయ్యతో ఎన్నిసార్లు మొత్తుకున్నానో. సమయం చూసి చెబుతానన్నాడు. ఆయన సమయం ఇంకా రాలేదు.

ఆ గౌను కూడా ఆవిడదే. రింగులు నేను పీకలేదు, నడుస్తుంటే వచ్చే ఆ చిన్న చప్పుడు నాకిష్టం.

6. పైన రాసిందంతా నిజం, ఒక్కటి తప్ప. ఆ డాక్టరు లేడు, ఎక్స్‌రే లేదు, జబ్బూ లేదు. అది పూర్తిగా నా కల్పన. మీ అందరినీ ఒక గదిలో నోరు మూయించి కూర్చోబెట్టాలంటే ఎవరో ఒకరు చావబోతుండాలి. మన బడ్జెట్లో దొరికిన మనిషిని నేనే.

వదినా, ఇప్పుడు నీకు నన్ను తిట్టాలని ఉంటుంది. అన్నయ్యతో చెప్పించకు. తలుపు గడియ వేయలేదు. నేరుగా వచ్చి తిట్టు.

తేదీ: జూన్ పంతొమ్మిది, మబ్బు పట్టిన ఆదివారం. దండెం మీద బట్టలున్నాయి.

సంతకం: నీ మరిది

సాక్షులు:
మేకప్ మాస్టర్ (కళ్ల కింద నలుపు వీడి పనే)
హాల్లో టిక్కెట్లు చింపే పెద్దాయన (అడగ్గానే వచ్చాడు, వదిన కోసం వరండాలో కూర్చుని ఉన్నాడు)