వెనక వరసలో అక్క

పెద్దమ్మా,

అక్క వెనక వరసలో ఆడిన ఆ పాత పాట కొత్త కాపీలో తనని చూసి, "నా కూతురి నవ్వు అచ్చం నాదేరా, పెద్ద ఫోటో చేసి పంపు, గోడకి పెట్టుకుంటా" అన్నావు. సరేనని ఫోన్ పెట్టేశాను.

అక్క పోయి, ఆపైన వరదలో ఇల్లు మునిగి ఆల్బమ్‌లన్నీ పాడయ్యాక, నీకు మిగిలింది ఆ వీడియోలో ఆడిన అక్కే. కాదనను. కానీ పాత పాటలు బాగుచేసే మా ఆఫీసుకి వచ్చిన టేపు బూజు పట్టింది. వెనక వరస ముఖాలు బియ్యపుగింజంత కూడా లేవు. హెచ్‌డీకి పెంచేటప్పుడు కంప్యూటర్ ఆ ఖాళీని ఊరికే వదలదు, అదే పాటలో బాగా కనిపించే ముఖం చూసి నింపేస్తుంది. నువ్వు మురిసిపోయిన నవ్వు ముందు నిలబడి పాడినావిడది. మళ్లీ చూడు, వెనకున్న వాళ్లందరికీ అదే నవ్వు.

మా మేనేజరుకి చెప్తే, "వెనక వరస ఎవరు చూస్తారయ్యా" అన్నాడు. టేపు చెత్తలోకి పోయింది.

బాగుచెయ్యకముందు టేపులోంచి తీసుకున్న ఫోటో ఇందులో పెడుతున్నాను. కళ్లూ ముక్కూ ఏమీ ఉండవు, మసక మచ్చే. కానీ అది అక్కే. నవ్వుతోందో లేదో మాత్రం నన్నడగకు.

నీ చెల్లెలి కొడుకు