పీట మీద మంచు

తమ్ముడూ దావీదూ,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. నీ బావమరిది రూబెన్‌కి మిలట్రీలో లారీ డ్రైవరు పోస్టింగ్ వచ్చింది. నువ్వు మంచు కింద ఉండిపోయిన ఆ కొండలకే. ఈరోజే పవర్ హౌస్ స్టేషన్‌లో రైలెక్కాడు. అంతకుముందు ప్రార్థనకని సంఘమంతా సెక్టర్ 7లో మన క్వార్టర్‌కి వచ్చింది.

వాక్యం చెప్పాల్సిన నేను బైబిలు తెరిచి, మళ్ళీ మూసి, నీ భార్య, అదే నా మరదలి చేత పీట తెప్పించాను. చివరిసారి సెలవుకొచ్చినప్పుడు నువ్వు చేసినట్టే పంచదార పలచగా పరిచి, దానిమీద మైదా పోసి అరచేత్తో అదిమాను. ఆనాడు అమ్మ, "రేషన్ పంచదారరా ఎదవా! కొండలాట ఆడుకోడానికేటి?" అని తిట్టింది, గుర్తుందా? నువ్వు నవ్వుతూనే పీట ఒక పక్క ఎత్తావు.

నేనూ మెల్లగా ఎత్తాను. పిండి పలకలా ఒక్కసారే జారింది.

"పైన గట్టిగా ఉందని నమ్మకు! కింద పొరకి పట్టు లేకపోతే నీ అడుగే చాలు. కొత్త మంచు పడితే ఆగు. ఆఫీసరు తిట్టినా ఆగు. హెచ్చరిక విన్నాడు కాబట్టే నోవహు బతికాడు!" అని బల్ల గుద్దాను.

"అర్థమైంది బావగారూ. రైలు టైమైపోతంది," అన్నాడు రూబెన్.

"ఏటి అర్థమైంది? నువ్వు సెయ్, నేను సూడాల," అంది మరదలు.

వాడు చేశాడు. మళ్ళీ జారింది. ఆమె చూసి తలాడించింది.

వాడి తలమీద చెయ్యి పెట్టి, "ప్రభువా, వీణ్ణి తిరిగి తీసుకురావయ్యా," అన్నాను. అంతటితో చెయ్యి తీసేశాను.

ప్రార్థన ఇంకా ఉందనుకుని, ఆమెన్ అనకుండా సంఘమంతా కళ్ళు మూసుకునే ఉంది.

నీ అన్న