దగ్గితే పని పోతుందన్న రోజు

జెస్సీ చెల్లెమ్మా,

ఫోనులో చెబితే నవ్వుతావు, నవ్వితే దగ్గుతావు. అందుకే రాస్తున్నాను. జ్వరం తగ్గకుండా రేపల్లెలో బస్సెక్కావంటే ఊరుకోను.

నువ్వు జ్వరంతో ఊరెళ్లిన మర్నాడే మన జీడిపప్పు కంపెనీ ఓనరుగారు గేటు దగ్గర నిలబడి, “కరోనా కాలం. దగ్గినవాళ్లు ఇక పనిలోకి రానక్కర్లేదు. ఆ జెస్సీ కూడా” అన్నారు. గింజలు కాల్చే పొగలో దగ్గకుండా ఉండటం దేవదూతల వల్లైనా అవుతుందా? అయినా భయంతో అందరం దగ్గు మింగుకుంటూ పప్పు ఒలిచాం. దుర్గాంబ పెద్దమ్మ ఒళ్లు కాలిపోతున్నా మాత్ర వేసుకుని కూర్చుంది. ఆమెను చూసి అనుకున్నాను: ఇలాగైతే పని మిగులుతుంది, మనుషులే మిగలరు.

మర్నాడు ఆయన లోపలికి రాగానే నేను కావాలనే గట్టిగా దగ్గాను. వెంటనే నా ఎదురు పీట మీది వరమ్మ దగ్గింది. ఇంకేముంది, షెడ్డంతా ఆదివారం చర్చిలో పాటలా అందుకుంది! తిట్టడానికి ఆయన మాస్కు దించారు. పొగ గొంతులోకి పోయి ఆయనా దగ్గారు.

“అయ్యో, రేపట్నుంచి మీరూ రానక్కర్లేదండి” అంది వరమ్మ.

ఎవరికీ నవ్వు ఆగలేదు. ఆయన మొహం ఎర్రబడింది. అందరినీ పంపేస్తే పప్పు ఒలిచేదెవరని ఆలోచించుకున్నట్టున్నారు.

“జ్వరమొస్తే ఇంట్లోనే ఉండండి. పని ఎక్కడికీ పోదు” అన్నారు.

“జెస్సీకి కూడానా అండి?” అన్నాను నేను.

“ఆవిడక్కూడానమ్మా, ఇక ఆపండి!”

పెద్దమ్మను ఆ పూటే ఇంటికి పంపాం. ఇప్పుడు కాస్త నయం. నీ పీట మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. పూర్తిగా కోలుకున్నాకే రా.

ఇట్లు,
నీ పక్కపీట అక్క