మేక ఇంటికి రాని కథ

వదినె,

నువ్వు పోయి పద్నాలుగు నెలలు దాటింది. బాగున్నావా అని అడగను... అడిగితే నవ్వుతావు.

పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉంది. మన పెర్కిట్ చుట్టూ కల్లాల్లో పసుపు ఉడకబెట్టి ఆరబోసి ఉంది. నాలుగు చినుకులు పడితే రంగు పోతుందని అందరూ పరుగెత్తి పరదాలు కప్పారు. నేనూ రెండు కల్లాలకు పోయి అంచుల మీద రాళ్లు పెట్టి వచ్చాను. వాన పడలేదు. బీడీ ఆకు తడిపి పెట్టాను, అది మెత్తబడేలోగా ఇది రాస్తున్నాను.

నీ మేక కథను సినిమాగా తీశారు.

అదే... సంతలో అమ్మేసిన మేక కోసం, దాని మెడలో గంట చప్పుడు వింటూ ఏడూళ్లు నడిచిన పిల్ల కథ. గ్రంథాలయంలో పాతవి తీసేస్తుంటే నువ్వు అడిగి తెచ్చుకున్న పుస్తకం. మధ్యాహ్నం పూట మన వసారాలో ఎనిమిది మందిమి బీడీలు చుడుతుంటే నువ్వు చదివేదానివి. చదివినంతసేపు నీ చేతులు ఖాళీ కాబట్టి తలా ఒక కట్ట నీ చేటలో వేసేవాళ్లం. గుర్తుందా?

ఆ పుస్తకం చిన్నప్పుడు చదవనివాళ్లు లేరని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. అంతమంది చదివితే నువ్వు తెచ్చిన రోజు దాని మీద అంత దుమ్ము ఎందుకుంది?

నిన్న కాక అంతకు ముందు ఆదివారం అందరం ఆర్మూర్ పోయి చూశాం. ఏం చెప్పను... ఏడూళ్లు నడిచిన పిల్ల కాళ్లకు మట్టి లేదు. మేకకు తల దువ్వినట్టున్నారు. పసుపు చేలో ఇరవై మంది ఎగిరి పాట పాడారు. పసుపు చేనును పాట కోసం తొక్కనిచ్చిన ఆ రైతు ఎవరో నాకు తెలియదు. చివర్లో, మేకను కొన్న ఆసామి పిల్ల ఏడుపు చూసి కరిగిపోయి, మేకను ఉత్తగా తిరిగి ఇచ్చేశాడు. పిల్ల మేకను ఎత్తుకుని ఇంటికి వచ్చింది. అంత పెద్ద మేకను ఎత్తుకుని.

హాలు బయట ఒకాయన మైకు పట్టుకుని వచ్చినవాళ్లందరినీ అడుగుతున్నాడు. ఒక సారు కళ్లు తుడుచుకుంటూ తన బాల్యం తనకు తిరిగి ఇచ్చారన్నాడు. మేక తెల్లదా నల్లదా అంటే చెప్పలేడు, ఫోను చూస్తూ కూర్చున్నది నా ముందు వరసలోనే. ఒకామె కొంగు సర్దుకుని మైకు దగ్గరికి జరిగి, పల్లె వాసన వచ్చిందంది. ఏసీ హాల్లో ఏం వాసన వచ్చిందో... ఇంకొకాయన అయిదుకు నాలుగున్నర ఇచ్చాడు. ఆ సగం దేనికి తగ్గించాడో మైకు ఆయన అడగలేదు.

తర్వాత మైకు మన వసారా గంగవ్వ ముందు పెట్టాడు. గంగవ్వ సంగతి నీకు తెలుసు కదా.

"మేకను ఉత్తగ ఎవడిస్తడు సారూ? నీకెవడన్న ఇచ్చిండా?" అంది. "మా సత్తెమ్మ సదివిన కతల మేక రాలే. మేక గాడ మంచిగ మేత దింటుంటది, పిల్లను గుర్తు పట్టది. పిల్ల ఒట్టి గంట ఇప్పుకొని ఇంటికొస్తది. గీళ్లు కతంత ఖరాబు చేసిండ్రు!"

నేను పక్కన నిలబడి తల ఊపాను. మిగతావాళ్లూ అవును అవును అన్నారు. మనకంటే బాగా ఆ పుస్తకం ఎవరికి తెలుసు?

ఆ వీడియో రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. కింద రాసినవాళ్లను చూడాలి... చదువు రానివాళ్లకు మైకు ఎందుకని ఒకడు. బీడీలు చుట్టుకోక వీళ్లకు పుస్తకాలెందుకని ఒకడు. వాడి అమ్మ ఏం చుట్టి వాణ్ని సాకిందో. చివరికి ఎవరో పుస్తకం ఆఖరి పేజీ ఫోటో తీసి పెట్టారు. అందులో మేక ఇంటికి వచ్చింది. అచ్చం సినిమాలో వచ్చినట్టే.

నేను నమ్మలేదు. వేరే పుస్తకం అయి ఉంటుందనుకున్నాను.

శనివారం నీ బిడ్డ రజిత వచ్చింది. కమ్మర్‌పల్లి బడిలో రెండో తరగతికి చెబుతుంది కదా, మూడేళ్లుగా ఆ పిల్లలకు నువ్వు చెప్పిన కథే చెబుతోంది. ఇప్పుడు పిల్లలు సినిమా చూసి వచ్చి, టీచర్ అబద్ధం చెప్పిందంటున్నారట. ఒక పిల్ల తల్లి బడికే వచ్చి అందరి ముందూ అడిగిందట, మీరు చదవని పుస్తకం మా పిల్లకు ఎట్లా చెబుతారని. రజిత మొహం పీక్కుపోయి ఉంది. సంచి కూడా దించకుండా అడిగింది.

"అత్తా, అమ్మ పుస్తకం నీ దగ్గరనే ఉన్నది గదా? ఇయ్యి. సోమవారం తీస్కపోయి గామె ముందల పెడ్త."

నీ ట్రంకు పెట్టెలో, నీ కత్తెర కిందే ఉంది. రజిత నిలబడే చివరి నుంచి తిప్పింది. తిప్పడం ఆపి నా వైపు చూసింది.

ఆఖరి నాలుగు కాగితాలు లేవు. చిరిగిపోలేదు వదినె. కుట్టు పక్కనుంచి తిన్నగా కత్తిరించి ఉన్నాయి. కొలత రేకు పెట్టి బీడీ ఆకు కోసినంత తిన్నగా. అంత తిన్నగా కోసే చెయ్యి మన వసారాలో ఒక్కటే ఉండేది.

ఎందుకు కోశావు?

శనివారం అంతా అదే ఆలోచించాను. నువ్వు ఆఖరి భాగం చదివిన రోజు పుస్తకం తెరిచి ఉందా, మూసి ఉందా? ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. ఎట్లా వస్తుంది... మా కళ్లు ఆకు మీద ఉంటాయి. చదివేవాళ్ల వైపు ఎవరు చూస్తారు?

ఒకటి మాత్రం గుర్తుంది. ఆ వారమే గంగవ్వ కొడుకు దవాఖానలో ఉంటే, ఉన్న ఒక్క మేకనూ అంగట్లో అమ్ముకుని వచ్చింది. వచ్చి మన మధ్యలోనే కూర్చుంది. ఆకు ముట్టలేదు. నువ్వు చదివావు... పిల్ల గంట పట్టుకుని ఇంటికి వచ్చిందని. అప్పుడు గంగవ్వ, "గట్లనే ఐతది," అని, మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

తర్వాత ఒకసారి నేను మేక దొరికితే బాగుండేది కదా అంటే నువ్వు అన్న మాట కూడా గుర్తుంది. "మేక సంగతి ఇడ్సిపెట్టు. పిల్ల ఇంటికొచ్చిందా లేదా?"

సినిమాను తిట్టింది చాలదని ఇప్పుడు పుస్తకం రాసినాయన మీద కూడా కోపం వస్తోంది. ఆయన ఎప్పుడూ మేకను అమ్ముకుని ఉండడు. ఫోటో పెట్టినవాడు నిజమే చెప్పాడు, తప్పు చెప్పింది మనమే. అయినా వాడి ముందు ఆ మాట నేను ఒప్పుకోను.

నిన్న గంగవ్వ వచ్చింది. అడుగుల చప్పుడు వినగానే పుస్తకం ఆకు చేట కింద తోశాను. ఈ వయసులో దొంగతనం.

"బిడ్డా, దొరికిందా పుస్తకం? గా ఫోటువ పెట్టినోని నోట్ల కొట్టాలె!" అని గడపలోనుంచే అరిచింది.

రజిత నా వైపు చూడలేదు. "దొరకలే పెద్దమ్మా. చెదలు పట్టినట్టున్నది," అంది.

"దొరకకుంటేంది? మనం ఇన్నం గద," అని గంగవ్వ కూర్చుని చాయ్ అడిగింది. తాగినంతసేపూ సినిమాలో మేకను తిట్టింది. ఆ మేక చేసిన పాపం ఏముంది... అయినా తిట్టింది. రజిత నవ్వింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

గంగవ్వ పోయాక రజితను అడిగాను, రేపు ఆ పిల్ల తల్లికి ఏం చెబుతావని.

"పుస్తకంల మేక వచ్చిందనే చెప్త అత్తా. గది పుస్తకంల కత. పిల్లలకు చెప్పింది మా అమ్మ కత అని గూడ చెప్త. నచ్చకుంటే సినిమానే సూడమంట."

బడివాళ్లు ఏమంటారో తెలియదు. ఉంచుతారో లేదో కూడా తెలియదు. నువ్వుంటే ఏమనేదానివి?

గంగవ్వకు నేను చెప్పను. నువ్వు కోసినది నేను అతికించను.

రజిత ఇవాళ పొద్దున, కమ్మర్‌పల్లి మీదుగా పోయే మొదటి మెట్‌పల్లి బస్సుకు పోయింది. పుస్తకం ఇక్కడే ఉంచింది. కత్తెర తీసుకుపోయింది.

నీ ఆడబిడ్డ